బుగ్గన కరక్కాయ

గొంతులోంచి గొట్టం తీసేసిన పూట, మాట ఇంకా గరగరలాడుతుండగానే, శేషగిరి తన భార్యతో అన్న మొదటి మాట ఇది:

"గుండెని ఆపి చేస్తారు కనకనే దీన్ని ఆపరేషన్ అన్నారే, వసూ."

వసుంధర నవ్వలేదు. భర్త శ్లేషలకి నవ్వకూడదని పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. ఒకదానికి నవ్వితే దాని వెనకాల పది వస్తాయి, సాయంత్రం కిటికీ తీస్తే దోమలొచ్చినట్టు. కానీ ఆ పూట మాత్రం బయట వరండాలోకి వెళ్ళి, గోడకి ఆనుకుని, స్కార్ఫులో మొహం దాచుకుని భోరుమని ఏడ్చింది. నాసిరకం జోకు వేశాడు. అంటే మనిషి పూర్తిగా వెనక్కి వచ్చేశాడన్నమాట.

శేషగిరిది పుట్టడం తెనాలి, ఉండడం డబ్లిన్ పక్కన క్లోనీ. వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లని మైక్రోస్కోపు కింద పెట్టుకుని, ఎక్కడైనా పగులుందేమోనని వెతకడం అతని పని. ఏళ్ళ తరబడి ఎవరెవరి గుండెలకో స్టెంట్లు పాస్ చేసి పంపిన మనిషికి తీరా తన వంతు వచ్చేసరికి స్టెంటు చాలదన్నారు. నాళాలు బాగా మూసుకుపోయాయి, ఛాతీ తెరవాల్సిందే అన్నారు. "అందరికీ పాస్ వేశాను, నాకు మాత్రం బైపాస్ వేశారు" అని, మంచం తోసుకుంటూ ఆపరేషన్ గదికి తీసుకెళ్తున్న మనిషికి తెలుగులోనే చెప్పాడట. ఆ మనిషి బ్రెజిల్ వాడు. అయినా నవ్వాడట. "చూశావా, పరాయి దేశస్థుడికి అర్థమైంది" అని అది కూడా వసుంధర మీద ఒక ఫిర్యాదైపోయింది.

ఐసీయూ అనే పెద్ద గదిలోంచి ఆరు మంచాల వార్డులోకి మార్చిన ఉదయమే ఫిజియోథెరపిస్టు వచ్చింది. పేరు ఈఫా. మెడలో వేలాడే కార్డు మీద ఆ పేరు ఇంగ్లీషులో Aoife అని రాసిన తీరు చూసి శేషగిరి ముచ్చటపడిపోయాడు. అయిదు అక్షరాల్లో నాలుగు అచ్చులు, ఒకే ఒక్క హల్లు.

"పిల్లంతా అచ్చులే. మనకి అచ్చొచ్చే పిల్ల" అన్నాడు.

ఈఫాది లెటర్‌కెన్నీ దగ్గర ఒక పల్లెటూరు. ఆ అమ్మాయి యాసలో మాట కొండెక్కి దిగి మలుపు తిరిగి వచ్చేది. అయితే సగం చేతులతోనే చెప్పేది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. ముక్కుతో నిదానంగా, పొట్ట దాకా గాలి పీల్చాలి. ఒక్క క్షణం బిగబట్టి వదలాలి. అలా కొన్నిసార్లయ్యాక, అద్దం మీద ఆవిరి పట్టిస్తున్నట్టు నోరు తెరిచి 'హా' అని గాలిని తోయాలి. చివరికి, చుట్టచుట్టిన తువ్వాలుని ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గాలి.

"ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మీ ఊపిరితిత్తులు సెలవులో ఉన్నాయి" అంది ఈఫా. "ఇప్పుడు వాటి అడుగున కఫం పేరుకుంది, అక్కడి గదులు మూసుకుపోయాయి. ఆ తలుపులు తెరిచేది మీరు పీల్చే గాలి. లోపల ఊడ్చేది మీ దగ్గు."

"దగ్గితే తగ్గుతుందన్నమాట" అని శేషగిరి పాఠం మొత్తాన్ని రెండు ముక్కల్లో తేల్చేసి, ఉత్సాహంగా తువ్వాలు హత్తుకుని, ఒక్క దగ్గు దగ్గాడు.

అంతే. ఛాతీ ఎముకని కలిపి కుట్టిన తీగల్ని ఎవరో పట్టుకుని గుంజినట్టయింది. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి చాచి వసుంధర మణికట్టు పట్టుకున్నాడు.

"వసూ, రెండు ముక్కలైపోతున్నానే."

ఆ మాటలో శ్లేష లేదు. వసుంధరని భయపెట్టింది అదే.

ఆ క్షణం నించీ శేషగిరి దగ్గడం మానేశాడు. దగ్గు గొంతు దాకా వస్తే కళ్ళు మూసుకుని, దవడ బిగించి, గుటక వేసి కిందికి పంపేసేవాడు. ఆ మధ్యాహ్నమే క్లోనీ నించి కొండల్ రావు చూడ్డానికి వచ్చాడు. కొండల్ రావుది కరీంనగర్, వాళ్ళ పక్క వీధిలో ఉంటాడు. ఊళ్ళో ఏ తెలుగువాడికి జ్వరమొచ్చినా మొదట తలుపు కొట్టేది అతనే, చివరి దాకా సలహాలిచ్చేదీ అతనే.

"దగ్గకన్నా, దండం పెడ్త" అన్నాడు మంచం పక్కన కుర్చీ లాక్కుంటూ. "మా మేనమామకు హెర్నియా కోసిన్రు. గింతంత దగ్గిండు. కుట్లు పటపట పిగిలినయ్. మళ్ళ కోసిన్రు. నువ్వు పైలం."

"అది పొట్ట, ఇది ఛాతీ కదయ్యా" అన్నాడు శేషగిరి.

"ఏదైతేంది? కుట్లు కుట్లేనాయె."

ఈ వైద్య సలహా వసుంధర గుండెల్లో నాటుకుంది. అసలే వాళ్ళ పుట్టింట్లో దగ్గు అంటే దొంగ కింద లెక్క. వచ్చిందంటే పట్టుకుని ఆపాలి. పిల్లలెవరైనా దగ్గితే వాళ్ళమ్మ కరక్కాయ కొట్టి, చిన్న ముక్క బుగ్గన పెట్టేది. వగరూ చేదూ కలిసిన ఆ రసం కొంచెం కొంచెంగా గొంతులోకి దిగుతుంటే దగ్గు తోక ముడిచేది. ఆ కరక్కాయ వసుంధరతో పాటు సముద్రాలు దాటి క్లోనీ దాకా వచ్చింది. వంటింటి అలమరాని ఇక్కడ ప్రెస్ అంటారు. పేరు ఏదైనా, ఆవిడ ప్రెస్‌లో లవంగాల వెనకాల దానికొక స్టీలు డబ్బా ఉంది. ఆ మర్నాడు పొద్దున్న డబ్బా హ్యాండ్‌బ్యాగులోకి మారింది.

నర్సు అటు తిరగ్గానే వసుంధర చెయ్యి ఇటు తిరిగేది. ముక్క బుగ్గలోకి వెళ్ళిపోయేది. శేషగిరి కళ్ళు మూసుకుని, తేనె తాగుతున్నట్టు చప్పరించేవాడు.

"కరక్కాయ కాదే, ఇది కరెక్టు కాయ."

వసుంధర యథాప్రకారం నవ్వలేదు. కానీ లోపల పొంగిపోయింది. ఆ రోజంతా ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు. అవతల పక్క మంచం మీద మీత్ జిల్లా రైతు మార్టిన్, తువ్వాలు కౌగిలించుకుని, పొద్దస్తమానం పాత ట్రాక్టరు స్టార్టు చేస్తున్నట్టు దగ్గుతూనే ఉండేవాడు. దగ్గినప్పుడల్లా యేసుక్రీస్తుని పేరు పెట్టి పిలిచేవాడు. పాపం, భార్య పోయిన మనిషి, చూసుకునేవాళ్ళు లేరు అనుకుంది వసుంధర. ఒక ముక్క ఆయనక్కూడా ఇద్దామా అని రెండుసార్లు ఆలోచించింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మందులిచ్చే కేరళ నర్సు వచ్చినప్పుడల్లా, "నొప్పి పదికి ఎంత, అంకుల్?" అని అడిగేది.

"గ్రాండ్" అనేవాడు శేషగిరి. "టూ."

ఈ దేశంలో ఎవరేం అడిగినా గ్రాండ్ అనడం మర్యాద అని ఫ్యాక్టరీలో నేర్చుకున్నాడు. కారు గుద్దినా గ్రాండే, ఇంటి ఓనరు అద్దె పెంచినా గ్రాండే. పైగా నొప్పి మాత్రలు ఎక్కువ మింగితే కిడ్నీలు పోతాయని అతనికొక గట్టి నమ్మకం. నర్సు వెళ్ళగానే వసుంధర వైపు తిరిగి, గుసగుసగా, "పదికి పన్నెండే" అనేవాడు.

సాయంత్రం కూతురు రిషిత మెయ్‌నూత్ కాలేజీ నించి బస్సు దిగి నేరుగా వచ్చింది. తండ్రి మొహాన్ని, ముక్కులో పెట్టిన ఆక్సిజన్ పైపునీ మార్చి మార్చి చూసింది.

"డాడ్, మీరు కాఫ్ చెయ్యాలి, లైక్. ఫిజియో చెప్పింది కదా?"

"చేస్తున్నానమ్మా, లైకు" అన్నాడు శేషగిరి. "లైకు లేకపోయినా చేస్తున్నాను."

"దట్స్ నాట్ ఈవెన్ ఫన్నీ" అని రిషిత తల్లి వైపు చూసింది. వసుంధర హ్యాండ్‌బ్యాగు జిప్పు సరిచేసుకుంది.

మర్నాడు పొద్దున ఈఫా ఒంటరిగా రాలేదు. కూడా డాక్టరమ్మ వచ్చింది. శేషగిరి వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఎడమ పక్క కింద చాలాసేపు విన్నారు. ఎక్స్‌రే తీయించారు. వేలికి తగిలించిన క్లిప్పు చూపించే అంకె కిందికి దిగుతుంటే ఆక్సిజన్ పెంచారు. డాక్టరమ్మ వెళ్ళాక ఈఫా కుర్చీ లాక్కుని వసుంధరకి ఎదురుగా కూర్చుంది.

"ఎడమ ఊపిరితిత్తి అడుగు భాగం మూసుకుపోయింది" అంది. "అక్కడికి గాలి వెళ్ళడం లేదు. ఇవాళ సాయంత్రానికి కొంచెమైనా తెరుచుకోకపోతే, ఈయన్ని మళ్ళీ కింద ఆ పెద్ద గదికే పంపాలంటున్నారు. మొహానికి బిగుతుగా మాస్కు పెట్టి, మిషనుతో గాలి కొట్టాల్సి వస్తుంది. అక్కడ ఇన్ఫెక్షన్ పట్టుకుంటే ఇంకా కష్టం."

పెద్ద గది అనే మాట వినగానే శేషగిరి మంచం కడ్డీ పట్టుకున్నాడు. ఆ గదిలో పగలూ రాత్రీ తేడా తెలియక, గొంతులో గొట్టంతో, మాట్లాడ్డానికి వీల్లేకుండా పడి ఉన్న గంటలు అతనికి గుర్తున్నాయి. మాటల మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

"నాకు అర్థం కానిది ఒకటే" అంది ఈఫా. "ఈపాటికి అందరూ వద్దన్నా దగ్గుతారు. మార్టిన్‌ని చూడండి, రేపు ఇంటికి వెళ్ళిపోతున్నాడు. మీ ఆయన మాత్రం చర్చిలో కూర్చున్నంత నిశ్శబ్దంగా ఉన్నారు. నొప్పి కూడా రెండే అంటున్నారు. మరి దగ్గు ఎక్కడికి పోయింది?"

వసుంధర ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు ఒక్కసారిగా బరువెక్కింది.

చెప్పాలా? చెబితే ఈ పిల్ల ఏమనుకుంటుంది? వేళ్ళూ కాయలూ సంచిలో పెట్టుకుని తిరిగే మనుషులనుకుంటుంది. రేపటి నించి లోపలికి రానివ్వరేమో. మంచం మీంచి శేషగిరి కనుబొమలతో 'వద్దు, వద్దు' అని సైగ చేస్తున్నాడు. ఆ కనుబొమల కింద, కుడి బుగ్గ కొంచెం ఎత్తుగా ఉంది. పొద్దున్న తను పెట్టిన ముక్కే. వసుంధర ఆ బుగ్గనే చూసింది. మనిషిని కాపాడుతున్నాననుకుంటూ, పెద్ద గది తలుపు దాకా తనే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"తీయండి" అంది.

"ఏంటి?"

"బుగ్గలోది. తీయండి."

క్లాసులో చాక్లెట్‌తో దొరికిపోయిన పిల్లాడిలా శేషగిరి ముక్క తీసి టిష్యూలో పెట్టాడు. వసుంధర స్టీలు డబ్బా కూడా తీసి బల్ల మీద పెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పేసింది. ఆవిడది ఊళ్ళోని క్రెష్‌లో పసిపిల్లల్ని చూసుకునే ఉద్యోగం. పసిపిల్లలకి చెప్పడానికి అలవాటైన ఇంగ్లీషు అది, దాంట్లో అబద్ధాలకి చోటు తక్కువ. కరక్కాయ సంగతి చెప్పింది. పదికి పన్నెండు సంగతి కూడా చెప్పింది.

"వసూ!" అన్నాడు శేషగిరి, పరువు పోయినవాడిలా.

"మీరుండండి."

ఈఫా కోప్పడలేదు. డబ్బా మూత తీసి ఒక ముక్క వాసన చూసింది.

"మా గ్రానీ సముద్రపు నాచు పాలల్లో ఉడికించి తాగించేది, దగ్గుకి. జిగురు జిగురుగా ఉండేది. నేను బల్ల కింద కుక్కకి పోసేదాన్ని. ఇది బాగా పనిచేస్తుందా?"

"చాలా బాగా" అంది వసుంధర, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా.

"అదే మన గొడవ" అంది ఈఫా నవ్వి. "నిజానికి ఈ కాయ ఎంత ఆపిందో, ఆయన భయం ఎంత ఆపిందో చెప్పలేం. కానీ డబ్బా ఇంటికి వెళ్ళిపోవాలి. జలుబు చేసినప్పుడు దగ్గు తిప్పలు పెడుతుంది, నిజమే. ఇప్పుడు మాత్రం ఆయనకి అది పనిమనిషి, రోజూ రావాలి. ఇక నొప్పి సంగతి. నొప్పితో ఎవరూ దగ్గలేరు, నేనైనా దగ్గలేను. నర్సుతో చెప్పి సరైన మాత్ర ఇప్పిస్తాను. అది పట్టడానికి అరగంట. అప్పుడొస్తాను."

మాత్ర వచ్చింది. శేషగిరి దాన్ని అరచేతిలో పెట్టుకుని కిడ్నీల తరఫున వాదించబోయాడు. వసుంధర చూసిన చూపుకి నోట్లో వేసుకున్నాడు.

ఆ అరగంటా ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. బయట వాన పడుతోంది, మధ్యలో ఎండ కూడా కాస్తోంది. ఈ ఊళ్ళో వాతావరణానికి ఏదో ఒకటి తేల్చుకునే అలవాటు లేదు.

"కోపమొచ్చిందా?" అంది వసుంధర.

"నీ మీదా? నువ్వు పెట్టావని నేను తినలేదే. నాక్కావాలని తిన్నాను." కిటికీ వైపే చూస్తూ అన్నాడు. "నేను రోజూ చూసేది ఏంటి చెప్పు? పగుళ్ళు. వెంట్రుకలో వెయ్యో వంతు పగులు కనపడినా, ఆ ముక్క తీసి పక్కన పడేస్తాను. ఎందుకంటే నాకు తెలుసు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ పగులు కొంచెం కొంచెం పెరుగుతుంది. పగిలినదాన్ని పాస్ చేయకూడదే. ఇప్పుడు ఇక్కడ..." అని ఛాతీ మీద కట్టు దగ్గర వేలు పెట్టబోయి, పెట్టకుండానే ఆపేశాడు. "నిలువునా నేనే పగిలి ఉన్నాను. దగ్గిన ప్రతిసారీ అది పెరుగుతున్నట్టే ఉంటుంది."

ఇన్నేళ్ళలో మొదటిసారి, ఇంత పొడవు మాటలో ఆయన ఎక్కడా చమత్కారం దూర్చలేదు. వసుంధరకి తెలిసింది పసిపిల్లల సంగతులే.

"స్టెంటు ఇనుము" అంది. "పగిలితే పగిలినట్టే ఉంటుంది. మీరు ఇనుము కాదుగా. మా క్రెష్‌లో ఆ రౌడీ పిల్లాడు చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు గుర్తుందా? నెల తిరిగేసరికి అదే చేత్తో నన్ను కొట్టాడు."

శేషగిరి నవ్వబోయి, నొప్పి ఎక్కడ మొదలవుతుందోనని ఆగాడు. ఈసారి నొప్పి దూరంగా, పక్క గదిలో ఉన్నట్టుంది. మాత్ర పనిచేస్తోంది.

ఈఫా వచ్చింది. ముందు గాలి పీల్చడాలు, బిగబట్టడాలు, అద్దం మీద ఆవిర్లు అన్నీ అయ్యాయి. రెండో 'హా' దగ్గరే ఛాతీ అడుగున ఏదో గురగురమంది. "విన్నారా? అక్కడే ఉంది. ఇప్పుడు తువ్వాలు పట్టుకుని దగ్గండి" అంది. శేషగిరి తువ్వాలు హత్తుకున్నాడు. నోరు తెరిచాడు. దగ్గు గొంతు దాకా వచ్చింది. దవడ దానంతట అదే బిగుసుకుంది. గుటక పడిపోయింది.

ఇంకోసారి. మళ్ళీ గుటకే.

"ఆయన చేతుల మీద ఆయనకి నమ్మకం చాలడం లేదు" అంది ఈఫా వసుంధరతో. "మీరు రండి. మంచం అంచున పక్కన కూర్చోండి. ఒక చెయ్యి వీపు మీద వెడల్పుగా వేయండి. రెండో చెయ్యి ముందు నించి, తువ్వాలు మీద. ఆయన దగ్గేటప్పుడు రెండు వైపుల నించీ గట్టిగా అదమాలి, ఎముక కదలకుండా."

అంటే, కౌగిలించుకోవాలి. నలుగురిలో. పట్టపగలు.

డబ్లిన్ ఎయిర్‌పోర్టులో, ఆయన ఆర్నెల్ల పనిమీద వేరే దేశం వెళ్తున్నప్పుడు కూడా, రెండు గజాల దూరం నించి చెయ్యి ఊపి సాగనంపిన ఇల్లాలు ఆవిడ. ఫొటోల్లో సైతం ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటుంటుంది. వసుంధర చుట్టూ చూసింది. మార్టిన్ పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

"తెర వేయనా?" అంది ఈఫా, ఏదో అర్థమైనట్టు.

తెర పడింది. వసుంధర మంచం అంచున కూర్చుని, ముందు నెమ్మదిగా, అద్దాల సామాను పట్టుకున్నట్టు చేతులు వేసింది. "ఇంకా గట్టిగా" అంది ఈఫా. గట్టిగా పట్టుకుంది. ఆస్పత్రి సబ్బు వాసన కింద ఆయన వాసన తగిలింది. ఎంత చిక్కిపోయాడో చేతులకి తెలిసింది. సరిగ్గా అప్పుడే తెర పక్కకి జరిగి, చేతిలో టిఫిను డబ్బాతో కొండల్ రావు తల లోపలికొచ్చింది.

"వదినా, ఇడ్లీలు దెచ్చి..." తల ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. "వామ్మో! సారీ వదినా, సారీ అన్నా!"

తల మాయమైంది. తెర కింద బూట్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఇంకో రోజైతే వసుంధర భూమిలోకి కుంగిపోయేది. చేతులు తీసేసి, జుట్టు సర్దుకుని, ఏవో సంజాయిషీలు చెప్పేది. ఈ కబురు సాయంత్రంలోగా క్లోనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉంటుందని ఆవిడకి తెలుసు. అయినా చేతులు కదల్లేదు.

"కొండల్ రావుగారూ, కుట్లు పిగులుతాయని ఇంకొక్క మాట అన్నారంటే చూడండి" అంది, తెర వైపు తిరక్కుండానే.

"అనను వదినా" అన్నాయి బూట్లు. ఆపైన బుద్ధిగా, "అసలు సంగతేందంటే, మా మామ ఆ రెండో ఆపరేషన్ అయినంక భయపడి దగ్గుడే బంజేసిండు. నెమ్ము జేసి నెల పండిండు. గది మొన్న జెప్పుడు మర్సిన."

"అసలు ముక్క మింగేసి కథ చెప్పావా?" అన్నాడు శేషగిరి.

"నువ్వేమో అసలు దగ్గే మింగుతున్నవాయె! దమ్ముంటే దగ్గన్నా, నేనీడనే ఉన్న!"

ఈఫాకి ఈ సంభాషణ ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, రోగి మొహంలోకి రంగొచ్చిందని గమనించింది. "ఇప్పుడు" అంది. "పెద్దగా పీల్చండి. ఆవిడ పట్టుకుంది. వదిలేయండి."

శేషగిరి పీల్చాడు. వసుంధర చేతుల మధ్య అతని పక్కటెముకలు విచ్చుకున్నాయి. వీపు మీది చెయ్యీ తువ్వాలు మీది చెయ్యీ ఒకదానికోసం ఒకటి అన్నట్టు బిగుసుకున్నాయి.

"నేను పట్టుకున్నానుగా" అంది చెవి దగ్గర. "ఎక్కడికీ పోనివ్వను. దగ్గండి."

దగ్గాడు. మొదటిది పిల్లి దగ్గు. రెండోది కొంచెం మేలు. మూడోది లోపల ఎక్కడో అడుగు నించి, బిగుసుకుపోయిన షట్టరు పైకెత్తినంత చప్పుడుతో వచ్చింది. అతని ఒళ్ళంతా అదిరింది. వసుంధర అదరనివ్వలేదు. మళ్ళీ ఒకటి, దాని వెనకే ఇంకొకటి. అవతల నించి మార్టిన్ "గుడ్ మ్యాన్! గెట్ ఇట్ అప్!" అని పొలంలో గొర్రెల్ని అదిలిస్తున్నంత గట్టిగా అరిచాడు. ఈఫా కాగితపు గిన్నె అందించింది. రావలసింది వచ్చింది, ముద్దగా, చిక్కగా. వసుంధర మొహం చిట్లించలేదు. రోజుకి ఇరవై చిన్న ముక్కులు తుడిచే చెయ్యి టిష్యూతో ఆయన మూతి తుడిచింది.

ఈఫా గిన్నెని వెలుతురుకి ఎత్తి పరీక్షగా చూసింది.

"పాస్సా?" అన్నాడు శేషగిరి రొప్పుతూ.

"ఫస్ట్ క్లాస్" అంది ఈఫా.

అతను కట్టు వైపు వంగి చూసుకున్నాడు. కట్టు కట్టులాగే ఉంది. పగల్లేదు. నమ్మలేనట్టు మళ్ళీ చూసుకుని, అప్పుడు వెనక్కి వాలాడు, సగం దిండు మీద, సగం భార్య భుజం మీద.

కాసేపయ్యాక వేలి క్లిప్పు చూపే అంకె మెల్లగా పైకెక్కింది. ఈఫా వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఎడమ పక్క కింద వింది. తల ఊపింది. ఇలాగే మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేస్తే పెద్ద గది అవసరం రాదని, డాక్టరుతో తను మాట్లాడతానని చెప్పింది. వెళ్ళబోతూ, ఏమనుకుందో ఏమో, స్టెతస్కోపు తీసి వసుంధర చెవులకి తగిలించింది. రెండో కొస తనే శేషగిరి వీపు మీద పెట్టి పట్టుకుంది.

లోకంలో చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. మార్టిన్ లేడు, బూట్లు లేవు, వాన లేదు. ముందు చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, ఎక్కడో అడుగున, మూకుట్లో పేలాలు ఒకటీ ఒకటీ విచ్చుకుంటున్నట్టు చిటపటలు. వాటి వెనకాల గాలి. సన్నగా, చెరువు మీంచి వచ్చినట్టు, గాలి లోపలికి వెళ్తోంది. బయటికి వస్తోంది. మళ్ళీ వెళ్తోంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి మాటలన్నీ ఈ గాలి మీదే ఎక్కి వచ్చాయి. ఒట్టి గాలిని ఆవిడ వినడం ఇదే మొదటిసారి.

"ఏం వినిపిస్తోందే?" అన్నాడు శేషగిరి. "గుండె చప్పుడా, గుండాగిన చప్పుడా? నా ఊపిరి నీకు..."

"ష్" అంది వసుంధర, కళ్ళు మూసుకునే. "కాసేపు మాట్లాడకండి. మీరు వినపడట్లేదు నాకు."